కాగు కింద నిప్పు లేని సోమవారం

థార్న్‌హేవెన్ రేవుకు సొంత పోలీసులు వచ్చిన ఏడాది, ఆ ఊళ్ళో పావురాలు తప్ప ఇంకెవరూ గేటును నిశ్చింతగా దాటలేదు. అంతకుముందు రైల్వే వాళ్ళ తరఫున ఇద్దరు కాపలా ఉండేవాళ్ళు. ఒకడికి చెవుడు, ఇంకొకడికి టీ పిచ్చి. వాళ్ళతో ఎవరికీ పేచీ లేదు. అలాంటిది రేవు బోర్డు పెద్దలు లండన్ వెళ్ళి పార్లమెంటులో ఒక చట్టం చేయించుకొచ్చారు. ఇకమీదట తమ పోలీసులను తామే పెట్టుకోవచ్చునట. జీతమిచ్చేది బోర్డు, ప్రమాణం చేయించేది ఇద్దరు మేజిస్ట్రేట్లు, అధికారం మాత్రం రాణిగారి పోలీసులకు ఉన్నంతా ఉంటుంది. ఆ అధికారం రేవు హద్దు నుంచి ఒక మైలు దాకా చెల్లుతుందని ఇనుప రేకు మీద నల్లక్షరాలతో రాయించి తూర్పు గేటు స్తంభానికి బిగించారు.

"మైలు దాటి తుమ్ముకోండర్రా, దానికి బోర్డు అనుమతి అక్కర్లేదు," అన్నాడు యూనియన్ మనిషి ఆల్ఫ్ టింగల్, ఆ రేకు చదివి.

కూలీలందరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు వారం కూడా నిలవలేదు. పని చేయించుకునేవాడి చేతిలోనే లాఠీ కూడా ఉంటే న్యాయం ఎటు మొగ్గుతుందో చెప్పడానికి జోస్యం కావాలా?

ఎనిడ్ స్కెల్టన్‌కు ఆ మొదటి రోజు కూడా నవ్వు రాలేదు. ఆమె మొగుడు వాల్ట్ రేవులో ధాన్యపు ఓడల కూలీ. కొత్తగా ప్రమాణం చేసిన ఆరుగురు పోలీసుల్లో ఒకడు ఆమె సొంత తమ్ముడు క్లిఫ్. వాడూ ఒకప్పుడు కూలీయే. మూడేళ్ళ కిందట గోనెలెత్తే మోకు తెగి, మూటల కింద పడి కుడిచేతి మూడువేళ్ళు ఊడిపోయాయి. మూటెత్తలేని చేతికి రేవు పుస్తకం ఎందుకని బోర్డు దాన్ని లాగేసుకుంది. ఆ పుస్తకం ఉంటేనే రేవులో పని. లేకపోతే గేటు బయట నిలబడి ఓడల పొగ చూడటమే. మూడేళ్ళు ఖాళీగా కూర్చున్నవాడికి అదే బోర్డు ఇప్పుడు టోపీ, బూట్లు ఇచ్చింది. వాడు తీసుకున్నాడు. తల్లి పోయాక వాణ్ణి పెంచింది ఎనిడే కాబట్టి, వాడు తీసుకున్న టోపీకి కూడా వీధి వాళ్ళు ఆమె వైపే చూశారు.

అసలు గొడవంతా ఊడ్చిన గింజ దగ్గర వచ్చింది. ఓడ కడుపులోంచి బస్తాలన్నీ దించాక మూలల్లో, చెక్కల సందుల్లో ఇంత గింజ మిగులుతుంది. దాన్ని ఊడ్చి పంచుకోవడం తాతల నాటి నుంచీ కూలీల హక్కు. ఎక్కడా రాసి లేదు, ఎవరూ కాదన్నదీ లేదు. ప్యాంటును మోకాలి కింద పురికొసతో బిగించి, పైనుంచి గింజలు పోసుకుని, కాళ్ళు బిగదీసుకుని నడిచి ఇంటికి పోయేవాళ్ళు. ఆ గింజతో ఇళ్ళల్లో కోళ్ళు బతికేవి, మరీ ముఖ్యంగా పావురాలు బతికేవి. ఆ ఊళ్ళో పావురాల పందెమంటే మగాళ్ళకు ప్రాణం. చర్చికి వెళ్ళనివాడు ఉన్నాడు కానీ క్లబ్బుకు వెళ్ళనివాడు లేడు.

కొత్త పోలీసుల పెద్ద సార్జంటు ప్రాసర్. వేరే ఊరివాడు, ఎండుచేప లాంటి మనిషి. సాయంత్రం గేటు దగ్గర బెత్తం పట్టుకుని నిలబడి, ఒక్కొక్కడి ప్యాంటు మీద టక్కుమని కొట్టి "మోకాలు వంచు" అనేవాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏమీ లేనివాళ్ళు కూడా బిగుసుకుపోయి నడిచి పట్టుబడేవాళ్ళు. మొదటి నెలలోనే ఇద్దరి పుస్తకాలు పోయాయి.

"మన మోకాళ్ళ సంగతి ఆ పరాయివాడికి ఎవడు చెప్పాడు?" అని ఒకడు అడిగితే చాలు, మిగతా వాళ్ళు గేటు వైపు తిరిగేవాళ్ళు. అందరి కళ్ళూ క్లిఫ్ టోపీ మీదికి పోయేవి.

"సార్జంటు ఇరవై ఏళ్ళు ధాన్యపు రేవుల్లో పని చేసినవాడక్కా. అన్ని రేవుల్లోనూ ఇదే మోకాలు, ఇదే పురికొస. ఆయనకు నేను చెప్పాలా?" అన్నాడు క్లిఫ్ ఒకసారి.

ఎనిడ్ ఊఁ అంది. లోపల మాత్రం నమ్మలేదు. నమ్మాలని ఉంది, కానీ వీధి మొత్తం ఒకమాట అంటుంటే మనసు ఎంతకని ఎదురు నిలుస్తుంది?

క్లిఫ్ పదకొండేళ్ళుగా పావురాల క్లబ్బు కార్యదర్శి. పందెం గడియారాలకు తాళం వేసేది వాడే, కొలతల పటాలు దాచేదీ వాడే. పందెంలో ఏ పావురం వేగం ఎంతో తేలాలంటే ఎగిరిన దూరం గజంతో సహా తెలియాలి. అందుకని ప్రతి ఇంటి పావురాల గూటినీ సర్వేయరు చేత కొలిపించి, సభ్యుడికొక కాగితం ఇచ్చేవాళ్ళు. ఏటా కుర్రపిట్టల తొలి పందెం తూర్పు గేటు స్తంభం దగ్గరే మొదలవుతుంది కనుక, అక్కడినుంచి గూటికి కాకి ఎగిరినంత తిన్నగా ఎంత దూరమో కూడా అందులో ఉండేది. క్లిఫ్ పోలీసయ్యాక క్లబ్బు వాళ్ళు వాడి పేరు కొట్టేశారు. కొట్టెయ్యమని అందరికంటే ముందు చెయ్యెత్తింది బావ వాల్టే.

వాల్ట్‌కు అప్పుడు నడమంత్రపు వైభవం నడుస్తోంది. జూన్‌లో ఫ్రాన్సు నుంచి వదిలిన పెద్ద పందెంలో అతని నీలి ఆడపావురం జిల్లా మొత్తానికి మొదటిదొచ్చింది. పావురాల వారపత్రికలో ఫోటో వేశారు. నెలరోజులు వాల్ట్ నేల మీద నడవలేదు. మంచివాడే, కష్టపడేవాడే, కానీ నోటికి గడియ లేదు. గెలిచిన కథ పాలవాడికి చెప్పాడు, బొగ్గులవాడికి చెప్పాడు, దారిన పోతున్న పాదిరీని ఆపి చెప్పాడు.

అలాంటి మనిషి సెప్టెంబరులో ఒక గురువారం సాయంత్రం తెల్లబోయిన మొహంతో ఇంటికొచ్చి, కోటు కూడా విప్పకుండా కూర్చున్నాడు.

"సార్జంటు ఆపాడు. మోకాళ్ళలో ఏమీ లేదనుకో. కానీ, నీ పావురాలు బాగా తింటాయటగా అన్నాడు."

ఎనిడ్ చేతిలోని కెటిల్ అలాగే ఆగిపోయింది. పెరటి చివరి గూట్లో రేకు డబ్బా నిండా గోధుమరంగు బఠానీలున్నాయి. కొత్త చట్టం రాకముందు తెచ్చినవి సగం, వచ్చాక తెచ్చినవి సగం. ఏవి ఏవో బఠానీల మీద రాసి ఉండదుగా!

"ఎవరు చెప్పారట?"

"ఎవడో." వాల్ట్ కిటికీ వైపు తిరిగాడు. "ఎవడో ఏమిటి, ఎవడో నీకూ తెలుసు నాకూ తెలుసు. ఆ డబ్బా ఎక్కడుంటుందో తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు?"

"పారేద్దాం."

"ఎక్కడ పారేస్తావు? వీధి చివర రోజూ ఒకడు నిలబడే ఉంటున్నాడు. మురుగులో పోస్తే ఉబ్బి వీధంతా తేలతాయి. ఊరుకో, చూద్దాం."

పుస్తకం పోతే ఏమవుతుందో ఎనిడ్‌కు ఒకరు చెప్పక్కర్లేదు. తమ్ముడి ఇంట్లో మూడేళ్ళు చూసింది. వాల్ట్‌కు యాభై రెండేళ్ళు. మూటలు మొయ్యడం, పావురాలు మేపడం తప్ప ఇంకొకటి రాదు. ఇల్లు కూడా పుస్తకమున్నవాళ్ళకు రేవు ఇచ్చినదే.

ఆదివారం మధ్యాహ్నం, వాల్ట్ క్లబ్బుకు వెళ్ళాక, క్లిఫ్ వచ్చాడు. టోపీ లేదు, మామూలు కోటు వేసుకున్నాడు. లోపలికి రమ్మంటే రాలేదు, పెరట్లోనే నిలబడ్డాడు. ఆ వీధి ఇళ్ళ మొహాలు రేవు వైపు, పెరళ్ళు పొలాల వైపు. వాడు వంటింటి గడప చూశాడు, పెరటి చివరి గూడు చూశాడు, మళ్ళీ గడప చూశాడు. పెదాలు కదులుతున్నాయి. ఏదో లెక్కపెడుతున్నాడని ఎనిడ్‌కు అర్థమైంది. ఒళ్ళు మండింది.

"ఏం కొలుస్తున్నావురా మా ఇంట్లో?"

"ఏం లేదక్కా. క్లబ్బు ఇచ్చిన కొలత కాగితం ఉందా బావ దగ్గర?"

"ఉంటే నీకెందుకు?"

"జాగ్రత్తగా ఉంచండి." కాసేపు బూటుతో నేల గీకాడు. "డబ్బా గూట్లోనే ఉందిగా?"

"ఏ డబ్బా?"

"అక్కా, నా దగ్గరా?" వాడి మొహం చిన్నబోయింది. "సరే, లేదనే అనుకుందాం. ఒకవేళ ఉంటే గూట్లోనే ఉండనీ. అక్కణ్ణించి అంగుళం కదపొద్దు. ఇంతకంటే నేను చెప్పకూడదు. బైబిల్ మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను."

వాడికిష్టమని చేసిన ఆపిల్ పై ముక్క ఇస్తే ముట్టకుండా వెళ్ళిపోయాడు. అది చూసి ఎనిడ్‌కు అనుమానం రూఢి అయిపోయింది. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చెయ్యబోయేవాడే తినకుండా పోతాడు. డబ్బా ఎక్కడుందో సార్జంటుకు చెప్పేసి ఉంటాడు. ఇప్పుడది అక్కడే ఉండాలి వీడికి! తేరగా దొరకాలి! 'కదపొద్దట,' అనుకుంది పళ్ళు కొరుక్కుంటూ. 'వీడికి జోల పాడిన నోటితోనే నేను నవ్వుతూ పట్టించాలి కాబోలు!'

ఇంకా వెలుతురుండగానే చీపురు, బకెట్టు పట్టుకుని గూడు శుభ్రం చేస్తున్నట్టు వెళ్ళింది. బకెట్టు అడుగున బఠానీలు, పైన పాత గడ్డి. ఆరుసార్లు తిరిగింది. వంటింటి మూలన బట్టలు ఉడకబెట్టే రాగి కాగులో అన్నీ పోసి, పైన రెండు దుప్పట్లు కప్పి, చెక్కమూత పెట్టేసింది. వాల్ట్‌కు చెప్పలేదు. ఆ నోటికి చెబితే తెల్లారేసరికి పాదిరీకి తెలుస్తుంది.

తప్పు ఎక్కడ చేసిందో ఆమెకు తెల్లవారాక తట్టింది. ఆ రోజు సోమవారం. సోమవారం పొద్దున ఆ ఊళ్ళో కాగు కింద నిప్పు వెయ్యని ఇల్లు లేదు. చావు వచ్చిన ఇంట్లో కూడా సోమవారం బట్టలు ఉడుకుతాయి. వీధి పొడుగునా కిటికీల్లోంచి ఆవిరి బయటికొస్తోంది, సబ్బు వాసన గుప్పుమంటోంది. ఎనిడ్ ఇంట్లో కాగు మాత్రం రాయిలా చల్లగా ఉంది. వాల్ట్ పనికి వెళ్ళిన గంటకు తలుపు మీద దబదబ చప్పుడైంది. సార్జంటు ప్రాసర్, వెనకాల క్లిఫ్.

"నేను గూడు చూస్తాను. నువ్వు వంటిల్లు చూడు," అని క్లిఫ్‌కు చెప్పి సార్జంటు పెరట్లోకి పోయాడు. ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలిసినవాడిలా తిన్నగా వెళ్ళాడు.

క్లిఫ్ అల్మారా తెరిచాడు, బొగ్గుల తొట్టి చూశాడు. ఒక్కొక్కటీ నెమ్మదిగా, ఎవరో పరాయి ఇంట్లో వెతుకుతున్నట్టు చూశాడు. ఆఖరికి కాగు దగ్గరికొచ్చి ఆగాడు. అరచెయ్యి రాగి మీద ఆనించాడు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ప్రతి సోమవారం ఇలాంటి కాగు వేడికే చలి కాచుకుని బడికి వెళ్ళినవాడు. సోమవారం చల్లగా ఉన్న కాగంటే ఏమిటో వాడికి వేరే చెప్పాలా? మూతెత్తాడు, దుప్పటి అంచు జరిపాడు.

అక్క వైపు తిరిగాడు. ఆ మొహంలో కోపం ఉంటుందనుకుంది ఎనిడ్, సంబరం ఉంటుందనుకుంది. రెండూ లేవు. పరిగెత్తుకుంటూ రోడ్డు మీదికి పోతున్న పిల్లను చూసినవాడిలా వాడి కళ్ళు బెదిరిపోయాయి.

"ఏముందక్కడ?" పెరట్లోంచి సార్జంటు కేక.

"బట్టలు సార్," అని మూత పెట్టేశాడు క్లిఫ్. "నానబెట్టినవి."

సార్జంటు గడపలోకి వచ్చి వంటిల్లంతా ఒకసారి కలియజూశాడు. ఆయన అద్దెగదిలో ఒంటరిగా ఉంటాడు. చొక్కాలు చాకిరేవు దుకాణానికి వెళ్ళి వస్తాయి. ఆవిరి లేదన్న సంగతి ఆ కళ్ళకు ఆనలేదు. చేతిలో ఒక కవరుంది. గూట్లో పావురాల తొట్టిలో మిగిలిన రెండు గుప్పెళ్ళ బఠానీలు అందులో పోసుకున్నాడు. "ఇవి చాలు. శుక్రవారం బోర్డు ముందు విచారణ. అప్పటిదాకా మీ ఆయన గేటు లోపలికి రానక్కర్లేదు," అని వెళ్ళిపోయాడు.

వాళ్ళటు పోగానే పక్కింటి మేవిస్ గోడ మీంచి తొంగి చూసింది.

"ఏమ్మా ఎనిడ్, సోమవారం పూట తీగ మీద ఒక్క గుడ్డయినా లేదే?"

"ఒంట్లో బాగోలేదు మేవిస్."

"ఎలా బాగుంటుందిలే, తోడబుట్టినవాడే ఇంటిమీద పడితే! కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం!"

ఎనిడ్ తలుపేసుకుంది. బుర్ర తిరిగిపోతోంది. పట్టించడానికొచ్చినవాడు మూతెందుకు పెట్టాడు? మంచితనమా? అనుమానం ఒకసారి లోపల చేరాక మంచితనాన్ని కూడా తిప్పి తిప్పి చూస్తుంది. దీన్ని దాచుకుని రేపు మా నెత్తి మీద కత్తిలా వేలాడదీస్తాడేమో, బావ చేత క్లబ్బులో మళ్ళీ పేరు రాయించుకుంటాడేమో అని కూడా అనుకుంది. మంగళవారం కాగు కింద నిప్పు వేసి ఆ బఠానీలన్నీ ఉడకేసింది. బంగాళాదుంప తొక్కల కింద దాచి సగం మేవిస్ కోళ్ళకే పెట్టింది. మిగతా సగం ఇంట్లో సూపు కింద దిగింది.

"ఏమిటే రోజూ బఠానీలేనా?" అన్నాడు వాల్ట్ బుధవారం.

"నోరు మూసుకుని తిను," అంది ఎనిడ్.

ఆ సాయంత్రమే ఆల్ఫ్ టింగల్ చట్టం ప్రతి పట్టుకుని వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో ముక్కా చదివాడు. ఎక్కడా సందు దొరకడం లేదు.

"ఇదుగో, ఆ మైలు ముక్క. రేవు హద్దు తూర్పు గేటు స్తంభం. అక్కణ్ణించి తిన్నగా మైలు. ఆ గీత దాటి మన ప్రాసర్ దొర ఈగను కూడా సోదా చెయ్యలేడు. ఏం లాభం? వాల్ట్, నీ ఇల్లు గీతకు ఇవతలే ఉండి ఏడ్చింది. నేను బోర్డు పటంలో చూశాను. ముందు తలుపు లోపలే."

ఎనిడ్ అంట్లు తోముతోంది. చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. వంటింటి గడప, పెరటి చివరి గూడు, మళ్ళీ గడప. వాడి కదిలిన పెదాలు. కాగితం జాగ్రత్తగా ఉంచండి.

తడిచేతులతోనే వెళ్ళి సొరుగు లాగింది. క్లబ్బు కొలత కాగితం పందెం రిబ్బన్ల అడుగున ఉంది. తెచ్చి ఆల్ఫ్ ముందు పరిచింది. తూర్పు గేటు స్తంభం నుంచి స్కెల్టన్ గూటికి: ఒక మైలు, తొమ్మిది గజాలు. కింద సర్వేయరు సంతకం, క్లబ్బు ముద్ర, దాని పక్కన కార్యదర్శి క్లిఫ్ సంతకం.

గూడు గీతకు అవతల. వంటిల్లు గీతకు ఇవతల. మధ్యలో పధ్నాలుగు అంగలు, ఆమె ఆరుసార్లు బకెట్టు పట్టుకుని నడిచిన పధ్నాలుగు అంగలు. కదపొద్దురా దేవుడా అని వాడు మొత్తుకుంటే, బఠానీలను తన చేతులతో తనే తీసుకొచ్చి చట్టం ఒళ్ళో పోసింది.

"ఆఁ! అమ్మా ఎనిడ్, బంగారం లాంటి బుర్రమ్మా నీది!" ఆల్ఫ్ ఎగిరి గంతేశాడు. "గూట్లో దొరికినవేగా ఆ రెండు గుప్పెళ్ళూ! చచ్చాడు ప్రాసర్!"

బుర్ర నాది కాదు అని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే క్లిఫ్ ఉద్యోగం పోతుంది. ఎనిడ్ మళ్ళీ అంట్ల దగ్గరికి వెళ్ళింది.

శుక్రవారం మధ్యాహ్నం వాల్ట్ పుస్తకంతో తిరిగొచ్చాడు. దాన్ని ఎగరేసి పట్టుకుంటూ, ఈల వేసుకుంటూ వచ్చాడు.

"చూడాల్సింది నువ్వు! బోర్డు ఛైర్మను ముమ్మారు పటం పరిచి కొలిపించాడు. మూడుసార్లూ తొమ్మిది గజాలే! ప్రాసర్ మొహం బీట్‌రూట్ అయిపోయింది. అప్పుడు నీ తమ్ముణ్ణి నిలబెట్టి అడిగాడు, పదకొండేళ్ళు క్లబ్బు కాగితాలు రాసినవాడివి, ఈ గూడు మైలు అవతల ఉందని నీకు తెలియదా అని. తెలుసు సార్ అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదయ్యా అంటే, మీరు అడగలేదు సార్ అన్నాడు. అంతే, టోపీ అక్కడే పెట్టించి పంపేశారు."

"ఉద్యోగం పోయిందా వాడికి?"

"పోతే పోనీ. చాడీలు చెప్పేవాడికి తగిన శాస్తి జరిగింది. ముందు చెప్పినవాడు చివర్లో నోరు మూసుకుంటే మాత్రం పుణ్యాత్ముడైపోతాడా?" వాల్ట్ పుస్తకాన్ని అల్మారా మీద పెట్టి, కేసు కాగితాల కట్ట ఆమె చేతికిచ్చాడు. "బోర్డు గుమాస్తా తిరిగిచ్చాడు, ఎవరూ విప్పి చూడలేదు, సొరుగులో పడెయ్. నేను క్లబ్బుకు పోతున్నా. ఈ రాత్రి అందరూ నాకే పోయిస్తారు!"

అతను వెళ్ళాక ఎనిడ్ ఆ కట్టను సొరుగులో పెట్టబోతుంటే ఒక పత్రిక ముక్క జారి కిందపడింది. పావురాల వారపత్రిక, జూన్ సంచిక. నీలి ఆడపావురాన్ని గుండెకు ఆనించుకుని నవ్వుతున్న వాల్ట్. కింద అతను చెప్పిన మాటలు, వాటి కింద ఎర్ర పెన్సిలు గీత: "నేను అంగడి గింజ ముట్టను. ఓడ కడుపులోంచి అప్పుడే వచ్చిన గోధుమరంగు బఠానీలే నా పిట్టకు బలం. గూట్లో ఏడాది పొడుగునా డబ్బా నిండుగా ఉంటుంది." అంచున సార్జంటు దస్తూరీ: గురువారం గేటు దగ్గర చూపించాను. తన మాటలేనని ఒప్పుకున్నాడు.

గురువారం. కోటు విప్పకుండా కూర్చున్న గురువారం. ఎవడో అంటూ కిటికీ వైపు తిరిగిన గురువారం.

ఎనిడ్ ఆ ముక్కను రెండుసార్లు చదివింది. ఏడుపు రాలేదు, ఒళ్ళంతా సెగలు పుట్టాయి. తన నోటి తీటతో తన గొంతు మీదికి తనే తెచ్చుకుని, నలుగురూ నవ్వుతారని సిగ్గుపడి, పక్కవాడి మెడకు చుట్టాడు. ఆ పక్కవాడు తన తమ్ముడు. అంతకంటే ఘోరం, తనూ ఆ ఉరికి ఒక మెలిక వేసింది.

శుక్రవారం సాయంత్రం క్లబ్బులో శనివారం పందేనికి గడియారాలు సరిచేస్తారు. ఆడవాళ్ళు గుమ్మం దాకా వచ్చి మొగుళ్ళను పిలవచ్చు కానీ లోపలికి రావడమన్నది లేదు. ఎనిడ్ పైకోటు కూడా వేసుకోకుండా, వంటింటి ఏప్రన్‌తోనే లోపలికి నడిచి బల్ల ముందు నిలబడింది. వాల్ట్ గ్లాసు పైకెత్తి ఉన్నాడు.

"ఇంటికి పో ఎనిడ్, ఏమిటిది?" అన్నాడు.

"చదివి పోతాను," అని ఆ ముక్క పైకి చదివింది. ఫోటో కింద మాటలు చదివింది, అంచున ఉన్నదీ చదివింది. తర్వాత ఆల్ఫ్ టింగల్ చేతికిచ్చింది. "చూసుకో ఆల్ఫ్. మా ఇంటి సంగతి సార్జంటుకు చెప్పినవాడు వీడే. ఫోటోతో సహా చెప్పాడు."

ఆల్ఫ్ ఆ ముక్కను దీపం దగ్గర పెట్టి చదివి, పక్కవాడికి అందించాడు. వాల్ట్ గ్లాసు దించాడు. మెడ దాకా ఎర్రబడిపోయాడు. "నాకు... ముందు భయమేసింది. తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు," అన్నాడు ఎవరికీ వినపడనంత మెల్లగా.

"అయినా సరే," అన్నాడు మూలనుంచి ఒకడు, "మీ క్లిఫ్ మీ ఇల్లు సోదా చెయ్యడానికి వచ్చాడా లేదా? వంటింట్లో వెతికింది వాడా కాదా?"

ఎనిడ్ నోరు తెరిచింది. చల్లటి కాగు, దాని మీద ఆనించిన రెండువేళ్ళ చెయ్యి, మూత, బట్టలు సార్ అన్న మాట, అన్నీ గొంతులోకి వచ్చాయి. అవి బయటికొస్తే ఆ గదిలోంచి రేవు ఆఫీసుకు చేరడానికి రాత్రి చాలు. అల్మారా మీది పుస్తకం పోతుంది, బైబిల్ మీద చెయ్యి పెట్టినవాడు జైలుకు పోతాడు.

"వచ్చాడు," అంది. "వెతికాడు."

అంతకంటే చెప్పలేక బయటికి వచ్చేసింది.

క్లిఫ్ తన పెరట్లో పావురాలను పందెం బుట్టలో సర్దుతున్నాడు. తీరం వెంట పైనున్న ఏదో ఊళ్ళో గోదాము కాపలా పని ఉందట, రేపు పొద్దున బండికి పోతాడట. అక్కను చూసి తల ఊపాడు, అంతే. ఎనిడ్ బుట్ట పక్కన నేల మీదే కూర్చుంది.

"బావే చెప్పుకున్నాడురా. పత్రికలో."

"తెలుసు. సార్జంటు బల్ల మీద చూశాను."

"తెలిసి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నమ్మేదానివా?"

ఎనిడ్ బుట్ట అంచుకు అంటుకున్న ఈకను తీసింది. క్లిఫే అడిగాడు: "ఆ బఠానీలేం చేశావు?"

"ఉడకేశాను. మంగళవారం."

"మంగళవారం కాగు వెలిగించిన ఇల్లు మన వంశంలో లేదక్కా," అని నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పటిదే. అది చూడగానే ఎనిడ్‌కు అప్పటిదాకా రాని ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"నిన్ను నేను నమ్మలేదురా క్లిఫ్. కన్నతల్లిలా పెంచి, ఒక్కమాట నమ్మలేకపోయాను. నువ్వు మూత పెట్టాక కూడా నమ్మలేదు."

"నమ్మి ఉంటే నేను మూత పెట్టాల్సిన పనే ఉండేది కాదుగా," అన్నాడు క్లిఫ్. కోపంగా అనలేదు, ఉన్నమాట అన్నాడు. "రేవు వాళ్ళకు తెలిసినంతలో నేను దాచింది కొలత ఒకటే. ఆ కాగు సంగతి మాత్రం దేవుడి దగ్గర నేనే చెప్పుకోవాలి. నువ్వు ఎవరితోనూ అనకు. బావ పుస్తకం ఉండనీ."

బుట్ట మూతకు పురికొస చుట్టి ముడి వెయ్యబోయాడు. మిగిలిన రెండువేళ్ళకు అది చిక్కలేదు, రెండుసార్లు జారిపోయింది. ఎనిడ్ ఏప్రన్‌తో మొహం తుడుచుకుని, కొస వాడి చేతిలోంచి తీసుకుంది.

"గట్టిగా కట్టక్కా," అన్నాడు క్లిఫ్. "దూరం పోవాలి."

ఆమె రెండు ముళ్ళు వేసింది.